ఎదురుగాలి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

పొద్దు పొడువ గట్టుఁ బోయె సైకిలునెక్కి
గాలి యెదురు వచ్చెఁ గాళ్లు నొచ్చె
దివినిఁ దిరిగి తిరిగి తీరమ్ముఁ జేరెను
తిరుగుదారి గాలి మరల నెదురె

అవతారిక:

కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం దాకా పరచుకున్న నేల దివిసీమ. అవనిగడ్డలో బయలుదేరి, కోడూరు మీదుగా హంసలదీవి చేరి, పాలకాయతిప్ప దగ్గర సముద్రం చూసి, అదే రోజు తిరిగి రావాలనుకున్న ఒకానొక కవి పిక్కలు పట్టేసిన దశలో చెప్పిన పద్యమిది. దూరం పోను పాతిక ముప్పై కిలోమీటర్లు. మోటారు సైకిలు వారికి గంట పని కనుక ఈ పద్యం వారికి అర్థం కాదు, అక్కర కూడా లేదు. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన కాలానికి సైకిలు రాలేదు. మేము అంతటి ప్రతిజ్ఞ పట్టలేము.

ప్రతిపదార్థం:

పొద్దు పొడువన్ = సూర్యుడు ఉదయింపగా (ఇది కవి సంకల్పమే గాని జరిగిన సంగతి కాదు; మున్ముందు నిరూపిస్తాం); సైకిలున్ ఎక్కి = సైకిలును అధిరోహించి; గట్టున్ = కరకట్ట మీదుగా; పోయెన్ = వెళ్లెను; గాలి ఎదురు వచ్చెన్ = వాయువు ముఖమునకు కొట్టెను; కాళ్లు నొచ్చెన్ = మడమ మొదలు తొడ వరకు బాధించెను; దివినిన్ = దివిసీమయందు; తిరిగి తిరిగి = దారి తప్పి కొంత, అడిగిన ప్రతివారూ చూపిన దారినల్లా పోయి కొంత సంచరించి; తీరమ్మున్ చేరెను = సముద్రపుటొడ్డుకు వచ్చెను; తిరుగుదారి = మరలివచ్చు త్రోవయందు; గాలి మరలన్ ఎదురె = గాలి మళ్లీ ఎదురే.

తాత్పర్యం:

పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలి.

విశేషాలు:

"ఎక్కి" అన్నాడే గాని "తొక్కి" అనలేదు. మహాకవులు మాట ఊరికే వాడరు. పాలకాయతిప్ప నుంచి నది సముద్రంలో కలిసే సంగమం దాకా ఉన్నది ఇసుక. అక్కడ సైకిలు మనిషిని మోయదు, మనిషే దాన్ని నడిపించుకుపోవాలి. "తొక్కి" అంటే అసత్యదోషం వచ్చేది.

"దివిని" అన్నచోట స్వర్గమని కూడా అర్థం. కోడూరు దాటేవరకు ఈ రెండో అర్థానికి లోటు లేదు. పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నదిని దాటి వచ్చిన కాలువ నీళ్లు, వరి కోసిన మళ్లలో మినుము, కాలువ గట్టున అరుగు మీద టీ. సముద్రం దగ్గరయ్యేకొద్దీ చేలు పలచబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. ఆ చెరువుల్లో ఏరియేటర్ల చక్రాలు రాత్రింబగళ్లు నీళ్లు చిలుకుతుంటాయి. వాటికి కరెంటుంది, కవి చక్రాలకు లేదు. ఆపైన మడ అడవి. బావురుపిల్లులు ఉండే అడవే గాని పగటిపూట సైకిలు వాడికి అవి దర్శనమివ్వవు.

పంక్చరు షాపుల ప్రతుల్లో రెండో పాదానికి "గాలి వెడలి పోయెఁ గాళ్లు నొచ్చె" అని పాఠాంతరం ఉంది. ఛందస్సుకు లోటు లేదు, సర్కారు తుమ్మ ముళ్లున్న దారిలో సంభావ్యం కూడా. అయినా అగ్రాహ్యం. పోయేటప్పుడు గాలి ఎదురు రాకపోతే నాలుగో పాదంలో "మరల" వ్యర్థమవుతుంది. పైగా ఇది ఆ షాపుల వారికి లాభించే పాఠం.

గంగ అందరి పాపాలూ మోసి కాకిలా నల్లబడి, తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునిగి హంసైందని హంసలదీవి స్థలపురాణం. మాఘ పూర్ణిమకు జనం సంగమస్నానానికి వచ్చేది ఇందుకే. కవి ఎండలో పడి హంసగా వెళ్లి కాకిగా వచ్చాడు. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకున్నాడు గనుక దోషం లేదు.

"గాలి" అన్న మాటను దివిసీమ పెద్దల ముందు హాస్యానికి వాడేముందు ఆలోచించాలి. 1977 నవంబరు 19న ఇక్కడికి వచ్చిన గాలి ఉప్పెనను వెంటబెట్టుకు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, వేల మంది పోయారు. దారిలో కనిపించే తుఫాను షెల్టరు నీడన ఆగి నీళ్లు తాగిన కవి తన ఎదురుగాలిని గురించి అక్కడ ఎవరితోనూ అనలేదు. పద్యం ఇంటికొచ్చాకే చెప్పాడు.

ఇక అసలు చిక్కు. గాలి రెండువైపులా ఎదురెట్లవుతుంది? రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది గనుక తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రానికి వీస్తుంది. పొద్దెక్కాక నేల వేడెక్కి, మధ్యాహ్నానికి సముద్రం మీంచి నేలకు వీస్తుంది. తెల్లవారి తీరానికి పోయి, మధ్యాహ్నం మరలినవాడికి రెండుసార్లూ గాలి వీపున ఉండాలి. శాస్త్రం ఇట్లా ఉండగా కవి మాట అబద్ధమా?

కాదు. "పొద్దు పొడువ" లేచినవాడు అవనిగడ్డ హోటల్లో పెసరట్టుకు కూర్చున్నాడు. అల్లం పచ్చడి రెండోసారి అడిగాడు. పేపరు చూశాడు. కరకట్ట ఎక్కేసరికి సముద్రపు గాలి లేచింది. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అంతే వేగంతో గాలి ఎదురైతే, గాలి వీయనప్పటి కంటే గాలి ఒత్తిడి నాలుగింతలు. కాళ్లు నొచ్చెననుట సహజం. తీరాన మళ్లీ కూర్చున్నాడు. వలలు బాగుచేసుకునే వాళ్లతో మాటల్లో పడి, పొద్దుగూకాక కూడా లేవలేదు. నేల చల్లబడి, గాలి దిశ మార్చుకున్నాక బయలుదేరాడు. ఇంత నింపాదిగా తిరిగినవాడికి ఏ గాలీ కలిసి రాదు, వచ్చినా అతనందుకోలేడు.

ఆ రాత్రి అక్కడే పడుకుని తెల్లవారి రావలసిందని ఒక వ్యాఖ్యాత సూచించాడు. ఆయన పద్యం చదివాడే గాని గాలిని చదవలేదు. తెల్లవారుజామున కూడా నేలగాలే, అప్పుడూ ఎదురే.

ఇంతకూ గాలి ఎదురని చెప్పాడు గాని, ఆ దారంతా సైకిలు మీదే వచ్చానని కవి ఎక్కడా అనలేదు. "ఎక్కి" అన్నది పోయేటప్పటి మాట. కోడూరు నుంచి సైకిలును ఆటో పైన కట్టించుకుని వచ్చాడనే వాదానికి మూలంలో విరోధం కనబడదు.