న్యూట్రల్ నిషేధ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఒరే గుంటడా, లోడు బండిని ఘాటీలో న్యూట్రల్ కొట్టకురా!"

అవతారిక: విజయనగరం–రాయ్‌పూర్ రోడ్డు మీది సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఒడిశా సరుకుతో సుంకి దాటి ఘాటీ దిగుతూ, స్టీరింగు కొత్తగా పట్టిన క్లీనరుకు డ్రైవరు గురువు చేసే ఉపదేశమిది. కావ్యవ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి లారీ ఎక్కి ఎరుగడు గనుక వ్యాఖ్యాన భారం నా మీద పడింది.

ప్రతిపదార్థం: గుంటడా = ఓ శిష్యా; లోడు బండిని = పది చక్రాల మీద 28.5 టన్నుల దాకా (2018కి ముందు 25) తూగుదానిని; ఘాటీలో = ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదుట మలుపు గలచోట; న్యూట్రల్ = ఇంజనుకూ చక్రాలకూ పొత్తు తెగిన స్థితికి; కొట్టకురా = తేకుము. 'రా' వాత్సల్యార్థకం. రెండోసారి చెప్పవలసివస్తే చేరే మాట ఇక్కడ రాయదగదు.

తాత్పర్యం: గేరులో దిగుము.

పూర్వపక్షం: బరువైనదీ తేలికైనదీ కలిసే పడతాయని గెలీలియో అన్నాడు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనూ ఒక్కసారే వదిలితే రెండూ ఒక్కసారే నేల తాకాయి. మరి లోడు బండి అని ప్రత్యేకించడమేల?

సమాధానం: చంద్రుడి మీద గాలి లేదు, సాలూరు ఘాటీలో ఉంది. గాలి బండి ముఖం వెడల్పునూ వేగాన్నీ చూస్తుంది గాని తొట్టిలో ఏముందో చూడదు. ఒకే వేగంలో ఖాళీ బండినీ లోడు బండినీ ఒకే బలంతో అడ్డుతుంది. కిందికి లాగే బలమో, బరువుతోపాటు పెరుగుతుంది. కళ్లంలో తూర్పారబడితే గింజ కాళ్ల దగ్గరే రాలి, పొల్లు ఎగిరిపోయేది ఇందుకే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు. కనుక బరువు నాలుగింతలైతే గాలి నిలవరించగల వేగం రెండింతలు. టైర్ల రాపిడి ఆపదా? అదీ బరువుతోపాటే పెరుగుతుంది గనుక లోడు బండికి ప్రత్యేకంగా చేసే మేలేమీ లేదు. అసలు అంత వేగం దాకా పోనక్కర్లేదు, మలుపు ముందే వస్తుంది.

విశేషం: అప్పుడిక బ్రేకులే దిక్కు. తొక్కగా తొక్కగా డ్రమ్ములు కాలతాయి, లైనర్లు మాడిన వాసన క్యాబిన్లోకి కొడుతుంది, ఆపైన ఎంత తొక్కినా పట్టవు. గేరులో ఉంటే ఇంజనే చక్రాలను బిగబట్టి దింపుతుంది. ఎక్కడానికి ఏ గేరో దిగడానికీ అదేనని సంప్రదాయం.

ఇక డీజిల్ మిగులుతుందనే వారికి: ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే డీజిల్ ఆగిపోతుంది. న్యూట్రల్లోనే ఊరకే తిరగడానికి తాగుతుంది.