పెళ్లిచూపుల్లో హెచ్-ఇండెక్స్

నాందేడ్‌లో ఉంటున్న మా అన్న కూతురికి ఈ మధ్య ఒక డాక్టరు సంబంధం వచ్చింది. వజీరాబాద్‌లో వాళ్లింటి ముందుగదిలో పోహే ప్లేట్ల పక్కన బయోడేటా పెట్టారు. గోత్రం, నక్షత్రం, ఎత్తు, ఎం.డి., వాటి కింద లావు అక్షరాల్లో ‘హెచ్-ఇండెక్స్ 11’. మా వదిన కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, “ఇదేమన్నా కుజదోషం లాంటిదా?” అని నా చెవిలో అడిగింది.

“దోషం కాదు వదినా, రాజయోగం” అన్నాను. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. కనీసం పదకొండు వ్యాసాలుండి, వాటిలో ఒక్కోదాన్నీ పదకొండుసార్లకు తక్కువ కాకుండా ఎవరో ఒకరు తమ వ్యాసాల్లో ఉదహరిస్తే పదకొండు. ఆ ఎవరో ఒకరిలో రాసినాయన కూడా ఉండొచ్చు.

“చదివింపుల పద్దన్నట్టు” అంది వదిన.

గ్రంథాలు తిరగేసినవాళ్లు కూడా ఇంత బాగా చెప్పలేదు. నీ గృహప్రవేశానికి నేను నూట పదహార్లు చదివించాను, మా వాడి ఒడుగుకి నువ్వు నూట పదహార్లు చదివించు. నీ మధుమేహం వ్యాసంలో నా రక్తపోటు వ్యాసం, నా రక్తపోటులో నీ మధుమేహం. రోగి సంగతా? ఆయన భోజనానికి పిలవని చుట్టం.

ఇక రచయితల పేర్ల వరస చూస్తే అచ్చం శుభలేఖే. పిల్లలకు ఇంజక్షన్ల మీద మూడు పేజీల వ్యాసానికి ఏడుగురు. ఇందులో సిరంజి పట్టిందెవరో, సంతకం పెట్టిందెవరో, కారు పంపిందెవరో శుభలేఖ చెప్పదు కదా. 2015లో మెడికల్ కౌన్సిల్ దీన్ని కనిపెట్టి, మెడికల్ కాలేజీ టీచర్ల ప్రమోషన్‌కి మొదటి రెండు పేర్లే లెక్క అంది. అంతే, మూడో స్థానం అనాథ అయిపోయింది. తర్వాత 2020లో మనసు కరిగి మూడో పేరునీ పంక్తిలో కూర్చోబెట్టారు.

వ్యాసం అచ్చు వేసేవాళ్లు లేకపోతే రాసేవాళ్లు ఏం చేస్తారు? దానికి మన హైదరాబాదే దారి చూపింది. ఒమిక్స్ అని ఒక ప్రచురణ సంస్థ అక్కడి నుంచి వందల జర్నళ్లు నడిపింది. వ్యాసాలను నిపుణులతో సరిగా పరిశీలించకుండానే పరిశీలించామంటోందనీ, ఫీజు సంగతి ముందు చెప్పడం లేదనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మనవాళ్లకు విదేశాల్లో ఇంత పెద్ద అంకె రావడం చిన్న సంగతా?

ఒక్క సంస్థనే అనడం అన్యాయం. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి ‘సైన్స్’ పత్రిక కోసం, కావాలనే తప్పుల తడికగా అల్లిన క్యాన్సర్ మందు వ్యాసాన్ని 304 జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు వేసుకుంటామన్నాయి. మా ఇంట్లో ఉప్మాకి కూడా అంత తేలిగ్గా ఆమోదం దొరకదు.

పాపం, ఈ విద్య తెలియక నష్టపోయినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి రాస్తే ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ వాడుకున్నాయి. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1948లో రక్తక్యాన్సర్ పిల్లలకు సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఇచ్చిన అమినోప్టెరిన్ మందు, లెడర్లే కంపెనీలో సుబ్బారావు బృందం తయారుచేసిందే. ఆ చికిత్స గురించి ఫార్బర్ వేసిన వ్యాసం మీద అయిదు పేర్లున్నాయి. ఆయనది లేదు. శుభలేఖలో పేరు లేని పెళ్లిపెద్ద! మన లెక్కల్లో ఆ పనికి సున్నా.

ఈ ఇండెక్స్‌లో ఇంకో సుగుణం ఉంది, దానికి దిగడం తెలియదు. 2023లో సెప్టెంబరు వెళ్లి అక్టోబరు వస్తున్న ఆ ఒక్క రోజులో, ఇదే నాందేడ్ ప్రభుత్వాసుపత్రిలో 24 మంది పోయారు, అందులో 12 మంది పసికందులు. దేశంలో ఎవరి హెచ్-ఇండెక్సూ ఒక్క అంకె తగ్గలేదు.

పెళ్లిచూపుల సంగతి చెప్పలేదు కదూ. మా పిల్ల కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తోంది. టీ కప్పు అందిస్తూ, “మీ మూడో పేపర్‌లో శాంపిల్ ఎంతమందిని తీసుకున్నారండీ?” అని మామూలుగానే అడిగింది.

పిల్లగాడు కప్పు కింద పెట్టి వాళ్ల నాన్న వైపు చూశాడు.

“అవన్నీ మావోడు చూడడమ్మా” అన్నాడాయన నవ్వుతూ. “వాటికి వేరే మనిషి ఉన్నాడు.”