2504లో భద్రాచలానికి రైలొస్తదా సారూ?

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఏం ఉద్యోగం చేస్తాడో మా అక్కకు ఇప్పటికీ తెలియదు. ఎవరడిగినా ‘కంప్యూటర్’ అని చెప్పి ఊరుకుంటుంది. 2025 శ్రీరామనవమికి వాడు భద్రాచలంలో మా ఇంటికొచ్చేదాకా నాకూ తెలియదు. పిల్లలకు ఏం కావాలో సినిమాలు తీసేవాళ్లకు చెప్పడం వాడి పనట. వాడికి పిల్లల్లేరు. పిల్లల గోల వినపడకూడదనే పద్దెనిమిదో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాడు.

“పాత సైన్స్ ఫిక్షన్ ఫ్రాంచైజీలన్నీ ముసలివైపోయాయి మావయ్యా. యూత్‌కి కనెక్ట్ కావట్లేదు. వాటిని మళ్లీ కుర్రవాటిని చెయ్యాలి. అదే నా ప్రాజెక్టు” అన్నాడు, నేనిచ్చిన పానకం గ్లాసును అనుమానంగా వాసన చూస్తూ. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు. నడుముకు బెల్టు, బ్యాగులో గ్యాస్ బిళ్లలు. యూత్ సంగతి వస్తే మాత్రం ‘మేము’ అంటాడు.

ఆ నవమి ఆదివారం పడింది. అంతకు రెండు రోజుల ముందే, ఏప్రిల్ 4న, ‘ఆదిత్య 369’ సినిమాను 4కెలో కడిగి తుడిచి మళ్లీ విడుదల చేశారు. దానికి తరువాయి తీస్తామని బాలకృష్ణగారు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. పేరు ‘ఆదిత్య 999 మ్యాక్స్’ అన్నారు, కొడుకు మోక్షజ్ఞ ఉంటాడన్నారు. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే యంత్రం కథకు రెండో భాగం మూడు దశాబ్దాలు దాటినా బయల్దేరకపోవడం మన తెలుగువాళ్లకే చెల్లింది. మా రైలు సంగతీ అంతేలెండి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మావాడు లాప్‌టాప్ తెరిచాడు. ఇప్పటి పిల్లల దృష్టి ఎనిమిది సెకన్లకు మించి నిలవదట. గడియారం పట్టుకుని ఏ పిల్లవాడి పక్కన కూర్చుని ఎవరు లెక్కపెట్టారో చెప్పలేదు. కాబట్టి కథ పొట్టిగా ఉండాలి. హీరోకు పందొమ్మిదేళ్లుండాలి, వాడు రీల్స్ చెయ్యాలి. టైమ్ మెషిన్ మాట్లాడాలి, ‘బ్రో’ అనాలి. భయపెట్టే సంగతులేవీ ఉండకూడదు, పిల్లలు తట్టుకోలేరు.

ఈ చివరి మాట దగ్గర నాకు నవ్వాగలేదు. ఎందుకో చెప్పాలంటే వాడి పుట్టుక నుంచి రావాలి.

వీడు పుట్టింది 1986 ఆగస్టులో, గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకెక్కిన వరదల్లో. ఆ రికార్డు ఇప్పటికీ పదిలం. 2022 జూలైలో నది గట్టిగానే ప్రయత్నించింది కానీ 71.3 దగ్గర ఆగిపోయింది. అయిదేళ్లకు, 1991 జూలైలో ‘ఆదిత్య 369’ వచ్చినప్పుడు వీణ్ని ఖమ్మం తీసుకెళ్లి చూపించాను. బస్సులో కొత్తగూడెం దాకా కిటికీ, ఆ తర్వాత వాంతులు. హాల్లో నా ఒళ్లో కూర్చుని రాయలవారి కొలువు నోరు తెరుచుకుని చూశాడు. యంత్రం భవిష్యత్తులోకి దూకింది. క్రీస్తుశకం 2504. యుద్ధం జరిగిపోయింది, అణుధూళి, మనుషులు భూమి లోపల బతుకుతున్నారు. అప్పుడు మావాడు నా పంచె తడిపాడు.

తడిపాడు, కానీ లేచి పోదామనలేదు. ‘మళ్లీ చూద్దాం’ అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు మా పెరట్లో వడ్ల గాదే వాడి టైమ్ మెషిన్. దాంట్లో దూరి రోజూ విజయనగరం వెళ్లొచ్చేవాడు. మా అక్క బియ్యం పట్టించుకోవాలంటే వీడు పదహారో శతాబ్దం నుంచి తిరిగొచ్చేదాకా ఆగాల్సొచ్చేది.

ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావుగారు 1931లో పుట్టారు. సినిమా వచ్చేనాటికి ఆయన షష్టిపూర్తికి రెండు నెలలే ఉంది. యూత్ కమిటీ లేదు. ఎప్పుడో చదివిన హెచ్.జి. వెల్స్ నవల మనసులో పడి ఉంది. విమానంలో పక్కనున్న గాయకుడు బాలసుబ్రహ్మణ్యంగారికి ఆ ఆలోచన చెప్పారు, ఆయన నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌గారికి చేరవేశారు, మాటలు జంధ్యాల రాశారు. అంతా పెళ్లీడు పిల్లలున్న వయసువాళ్లో, కాస్త అటూ ఇటూనో. అయినా అయిదేళ్లవాడు గాదెలో దూరాడంటే కారణం నాకు ఒకటే కనబడుతుంది. ఆ కథలో తరుణ్ వేసిన పిల్లవాడు అలంకారానికి పెట్టిన బొమ్మ కాదు. మ్యూజియంలో వజ్రం దొంగతనాన్ని కళ్లారా చూసిన సాక్షి. వాడికి కథలో పనుంది. వాడు చూడకపోతే కథ నడవదు.

“అది వేరే జనరేషన్ మావయ్యా” అన్నాడు ఆ జనరేషన్ వాడే.

వీడి లాప్‌టాప్‌లో పరదేశాల ఉదాహరణలూ ఉన్నాయి. ఇంగ్లండులో బీబీసీవాళ్లు 1963 నవంబరులో ‘డాక్టర్ హూ’ మొదలుపెట్టారు. అదీ కాలంలో తిరిగేవాడి కథే. ముఖ్య పాత్రధారి ఆరోగ్యం బాగోక తప్పుకోవాల్సి వస్తే, 1966లో ఆ పాత్రకే ముఖం మారిపోయిందని కథలో కలిపేసి కొత్తవాణ్ని నిలబెట్టారు. అప్పటినుంచి అదే ఆచారం. మన దగ్గర అంత దూరం వెళ్లరు, విగ్గు మారుస్తారు. అమెరికాలో ‘స్టార్ వార్స్’వాళ్లు 2019లో పచ్చటి చెవుల పసివాణ్ని దింపారు. కథ ప్రకారం వాడి వయసు యాభై. యాభై ఏళ్లవాడు పసివాడిగా చలామణీ కావడం మనకు వింతేం కాదు కనుక నేను నోరు మెదపలేదు. ‘స్టార్ ట్రెక్’వాళ్లయితే 2021లో అచ్చంగా పిల్లల కోసమే బొమ్మల ధారావాహిక తీసి, రెండేళ్లు తిరక్కుండానే సొంత ఓటీటీ నుంచి పీకేశారు. అది పోయి నెట్‌ఫ్లిక్స్‌లో తలదాచుకుంది.

“మన ‘కల్కి’నే తీసుకోండి” అన్నాడు చివరికి. తీసుకున్నాను. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. మహాభారతంలో మొదలై ఆరువేల ఏళ్లు దాటుకుని తేలే కథ. సింగీతంగారు దానికీ పెద్దదిక్కు. పిల్లల కోసమని ఆరు టన్నుల ‘బుజ్జి’ అనే బండిని చేయించారు, దానికి కీర్తి సురేష్ గొంతిచ్చారు, ఊరూరా తిప్పారు, సినిమాకు నెల ముందే బుజ్జి మీద బొమ్మల కథ కూడా వదిలారు. మా వీధి పిల్లలు ఆ బొమ్మల కథ చూశారు, నవ్వుకున్నారు. సినిమా చూసొచ్చాక ఆటలో మాత్రం బుజ్జి వేషం ఎవరికీ అక్కర్లేదు, హీరో భైరవ వేషమూ అక్కర్లేదు. తల నుంచి కాలిదాకా వాళ్లమ్మల పాత చీరలు చుట్టుకుని, కట్టెపుల్ల పట్టుకుని, గొంతు బొంగురు చేసుకుని అందరూ అశ్వత్థామలే. నలుగురు పిల్లలుంటే నలుగురూ అశ్వత్థామలే. ఆ వేషం వేసిన అమితాబ్ బచ్చన్‌గారికి అప్పటికి ఎనభై ఒకటి. సినిమాలో అందరికంటే ముసలివాణ్ని చూసి ముచ్చటపడ్డ ఈ కుర్రకారును ఏ గడిలో వేశావురా అంటే, “అవుట్‌లయర్స్” అన్నాడు.

నవమినాడు వాణ్ని సీతారాముల కల్యాణం జరిగే మిథిలా స్టేడియానికి తీసుకెళ్లాను. ఎండ మాడుస్తోంది. అభిజిత్ లగ్నం మధ్యాహ్నం పన్నెండుకు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం కోసం తండ్రుల భుజాలమీద పిల్లలు రెండు గంటల నుంచి కూర్చున్నారు. ఎనిమిది సెకన్లవాళ్లే అందరూ. పెళ్లికొడుకెవరో, పెళ్లికూతురెవరో, తర్వాత ఏమవుతుందో అందరికీ తెలిసిన కథ. అసలు మా ఊళ్లో నడిచినన్నాళ్లు ఏ ఫ్రాంచైజీ నడిచింది? పర్ణశాల దగ్గర ఏటికవతల గుట్ట చూపించి రావణుడు పుష్పకం ఆపిన చోటంటారు. అంటే వాహనం పార్కింగ్ స్థలంతో సహా ఉంది. ఏటపాకలో జటాయువు ఆకాశయుద్ధం. ఇక గోపన్న గోల్కొండ జైల్లో ఉండగా తానీషా పడకగదిలో అర్ధరాత్రి ఇద్దరు కుర్రాళ్లు ఎక్కణ్నుంచో ఊడిపడి, ఆరు లక్షల మొహరీలు కుమ్మరించి, రసీదు రాయించుకుని మాయమయ్యారని చెప్పుకుంటాం. ‘యూత్ లీడ్’ కావాలంటే అంతకంటే ఏం కావాలి? పైగా రసీదు తీసుకునేంత బాధ్యతగల యూత్.

“ఇక్కడి పిల్లలకు మల్టీవర్స్ లాంటివి అర్థమవుతాయా మావయ్యా?” అన్నాడు తిరిగొస్తూ.

మా అమ్మ మద్రాసు రాజధానిలోని తూర్పుగోదావరి జిల్లా భద్రాచలంలో పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ఉంది, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో తేలింది, 1959లో ఖమ్మం జిల్లాకు చేరింది, 2014లో తెలంగాణలో కళ్లు తెరిచింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కన్ను మూసింది. ఇన్ని లోకాలూ ఆ ఇంటి గడప దాటకుండానే తిరిగింది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో గీత గీసినప్పుడు ఏటపాక ఆంధ్రకు పోయింది. ఊరి చివర నాలుగడుగులేస్తే ముఖ్యమంత్రి మారిపోతాడు. దేవుడు తెలంగాణలో, దేవుడి భూములు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. మల్టీవర్స్ గురించి మా పిల్లలకు చెప్పేవాడెవడైనా ఉంటే ముందు వాడొచ్చి మా రెవెన్యూ రికార్డులు చదవాలి.

లొకేషన్లు మాత్రం వాడికి నచ్చాయి. 2504 నాటి శిథిల ప్రపంచానికి పాల్వంచ పాత థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు సరిగ్గా సరిపోతాయన్నాడు. ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో బాంబులు పెట్టి పడగొట్టేశారని చెప్పాను. నీరసపడ్డాడు. మా భవిష్యత్తును మేం ముందే కూల్చుకున్నామని వాడికి తెలియదు పాపం.

సాయంత్రం కరకట్ట మీద హాస్టలు పిల్లలు కనబడ్డారు. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ గూడేల పిల్లలు, రిటైరవక ముందు నా దగ్గర చదివినవాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ. మావాడికి ప్రాణం లేచొచ్చింది. ‘శాంపిల్’ దొరికింది. వాళ్లను మెట్లమీద కూర్చోబెట్టి కథ చెప్పాడు. పందొమ్మిదేళ్ల హీరో, మాట్లాడే టైమ్ మెషిన్, 2504, బ్రో. ఎనిమిది సెకన్లు కాదు, ఇరవై నిమిషాలు కన్నార్పకుండా విన్నారు. ఆ తర్వాత మొదలైంది.

“వరదొస్తే ఆ బండి మునుగుతదా, తేలుతదా సారూ?” అనడిగింది ఒక పిల్ల. మా దగ్గర ప్రశ్నలన్నీ అక్కడే పుడతాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోదని ఎక్కాల కంటే ముందు నేర్చుకుంటారు. మావాడు లాప్‌టాప్‌లో వెతికాడు. బండి తడిస్తే ఏమవుతుందో కమిటీ ఆలోచించలేదు.

“అప్పటికి పోలవరం అయిపోతదా?”

నది వైపు చూశాడు. నది కూడా ఏం చెప్పలేదు.

“2504లో భద్రాచలానికి రైలొస్తదా సారూ?”

ఈసారి మావాడు నవ్వాడు. “స్టేషన్ ఉందిగా! భద్రాచలం రోడ్. నేను రాత్రికి అక్కడే ఎక్కాలి.” పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, ఇక్కడికి నలభై కిలోమీటర్లు. రాముడి పేరు చూసి దిగిన భక్తులు దశాబ్దాలుగా ప్లాట్‌ఫారం మీద నిలబడి గోపురం కోసం వెతుక్కుంటూనే ఉన్నారు.

చివర్న కూర్చున్న నల్లటి సన్నటి పిల్లవాడు, ఆరో తరగతి ఉంటాడేమో, అంతదాకా నోరెత్తలేదు. “ఆ బండి ఏం మాట్లాడతది సారూ?” అన్నాడు.

“తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, మలయాళం, ఇంగ్లీషు. పాన్ ఇండియా!”

“కోయ?”

“కోయ... ఇంకా లేదు.”

“మరి మా అడవిలో దిగితే దానికి దారెవరు చెప్తరు?”

మావాడు ఫోన్ తీసి ఏదో గబగబా రాసుకున్నాడు. కళ్లలో మెరుపు చూసి నాకు కొంచెం ఆశ పుట్టిన మాట నిజం. చీకటి పడ్డాక బస్సెక్కించాను, నలభై కిలోమీటర్ల అవతల ఉన్న భద్రాచలానికి.

జూన్‌లో బడులు తెరిచాక వాడి నివేదిక నా ఫోన్‌కి వచ్చింది. నలభై పేజీలు. చాలావరకు రంగుల గడులు, బాణాలు. ముప్పై ఒకటో పేజీలో కొత్త పాత్ర. ‘అడవి బాలుడు, 11 ఏళ్లు. టైమ్ మెషిన్‌కు దారి చూపిస్తాడు. ఇంటర్వెల్ ముందు హీరోని కాపాడుతూ చనిపోతాడు. యూత్ ఆడియెన్స్‌కు బలమైన ఎమోషనల్ కనెక్ట్.’ దాని పక్కన ఏడుస్తున్న పసుపుపచ్చ మొహం ఒకటి.

కరకట్ట మీద ఆ పిల్లవాడు మళ్లీ కనబడితే చదివి వినిపించాను. అలిగాడా అంటే లేదు, ఏడ్చాడా అంటే అదీ లేదు. కాసేపు ఆలోచించాడు.

“నేను ఇంటర్వెల్ కాడ్నే సస్తే, ఆ తర్వాత బండికి దారెవరు చెప్తరు సారూ?”