అక్కడ మనోడున్నాడు

చేతిలో డబ్బుల్లేకుండా, ఉద్యోగం లేకుండా, దిగాక ఎక్కడ పడుకోవాలో తెలియకుండా హైదరాబాద్ రైలెక్కే కుర్రాణ్ని చూసి ‘వీడికో ప్లానంటూ లేదు’ అంటారు. అన్యాయం. ప్లాను ఉంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆమోదించిన ప్లాను. దాని పేరు ‘అక్కడ మనోడున్నాడు’.

ఆ మనోడు ఎంతవరకు మనోడన్నది అడక్కూడదు. నా విషయంలో ఆయన మా పెదనాన్న తోడల్లుడి మేనల్లుడు. ఒక పెళ్లి బంతిలో నాకు పప్పు వడ్డించాడు. ఆ రుణానుబంధం చాలనుకున్నాడు మా నాన్న. తాడేపల్లిగూడెంలో గౌతమి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలోకి నన్ను తోసి, వెనకాలే ఆవకాయ డబ్బా అందించి, ‘దిగగానే ఆయనకి ఫోన్ చెయ్యి, అన్నీ చూసుకుంటాడు’ అన్నాడు.

‘ఆయనకి చెప్పావా నాన్నా?’

‘దిగాక నువ్వు చెబుతావుగా!’

ఇది మా ఇంటి తెలివే అనుకోకండి. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో మన తాతలు ఇదే ప్లానుతో మద్రాసు మెయిలెక్కి పానగల్ పార్కు బెంచీల మీద తేలేవారు. సినిమా హైదరాబాద్ వచ్చేశాక ఆ బెంచీల మీది జనం కృష్ణానగర్ చేరారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచాక మిగిలినవాళ్లం అమీర్‌పేటలో దిగాం. బెంగళూరు ఎందుకు వెళ్లలేదంటే, అక్కడ పది నెలల అద్దె అడ్వాన్సు అడిగేవారు. హైదరాబాద్‌లో రెండు నెలలు చాలు. మా దగ్గర ఆ రెండు నెలలదీ లేదనుకోండి, కానీ లేని డబ్బు తక్కువైతే ధైర్యం ఎక్కువ.

మనోడి గది బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర సందులో, మూడంతస్తుల పైన, రేకుల కింద. ఓనరు దాన్ని పెంట్‌హౌస్ అనేవారు. ముగ్గురికని అద్దెకిచ్చారు. నేను వెళ్లేసరికి ఏడుగురున్నారు. నా సంచీ చూసి ఎవరూ ఏమీ అనలేదు. అందులోని ఆవకాయ చూసి చాప కాస్త జరిపారు.

ఓనరాంటీ లెక్కల్లో దిట్ట. తల వంచుకుని పైకొచ్చి, మొహాలు చూడకుండా గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టేది. ‘ముగ్గురన్నరు. ఇవి ఎనిమిది జతలున్నయి?’

‘మిగతావాళ్లు గెస్టులాంటీ. పొద్దున్నే వెళ్లిపోతారు.’

‘ఏ పొద్దుగాల పోతరు బాబూ? సంక్రాంతి సంది ఇదే చెప్తున్నరు.’

ఆ రోజు నుంచి చెప్పులు లోపలికొచ్చాయి. ఆంటీ పద్ధతి మార్చింది. చెప్పులు వదిలేసి ట్యాంకులో నీళ్లు ఎంతకి ఖాళీ అవుతున్నాయో చూడసాగింది. దాంతో మేం స్నానాలు తగ్గించాం. ముగ్గురి నీళ్లతో ఎనిమిదిమంది బతకడం ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నేర్పరు.

చదువు విషయానికొస్తే, అమీర్‌పేటలో ఒక ధర్మకార్యం జరుగుతుంది. కోర్సులో మొదటి రెండు మూడు క్లాసులు ఉచితం. డెమో అంటారు. మైత్రీవనం నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ వరకు నడిస్తే చాలు, దోసెడు కరపత్రాలు చేతికొస్తాయి. ఫీజు కట్టలేం కాబట్టి ఏసీ ఉన్న ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లోనూ డెమో విన్నాం. జేమ్స్ గాస్లింగ్ జావాని ఎందుకు పుట్టించాడో మా గదిలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లు. నాలుగో క్లాసులో ఏం చెబుతారో మాత్రం ఎవరికీ తెలియదు.

గదికి ఉమ్మడి ఆస్తి ఒక లేతనీలం చొక్కా. ఇంటర్వ్యూ ఎవరికుంటే వాళ్లది. ఒకే రోజు ఇద్దరికి పడితే, పొద్దుటివాడు మాదాపూర్‌లో పని ముగించుకుని 10హెచ్ బస్టాపు దగ్గర నిలబడేవాడు. మధ్యాహ్నంవాడు టీషర్టుతో దిగి, చొక్కా తొడుక్కుని వెళ్లేవాడు. అనుభవాన్ని బట్టి ఇచ్చేదే అయితే మా అందరికంటే ముందు ఆ చొక్కాకి ఉద్యోగం రావాలి.

నెల మొదట్లో బండి దగ్గర ఇడ్లీ, మధ్యలో కర్రీ పాయింట్ పప్పు, చివర్లో ఆవకాయ. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉన్న స్నేహితుల మీద అభిమానం పొంగుకొచ్చేది. ఆ పూట హాస్టల్లో చికెన్. గరిటె పట్టుకున్న వంటమనిషి మా మొహాలు గుర్తుపట్టి, ముక్కలు తప్పించి పులుసు మాత్రం పోసేవాడు. రాత్రి అమ్మ ఫోన్ చేసి ‘ఏం తిన్నావురా?’ అంటే ‘చికెనమ్మా’ అనేవాణ్ని. ఆ ఒక్క రోజే ఫోన్లో గొంతు గట్టిగా వచ్చేది.

ఇప్పటివాళ్లకి కొన్ని సుఖాలొచ్చాయి. 2014లో నగరపాలక సంస్థ అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. ఆ లైన్లో భవన కార్మికులతో పాటు మెడలో కంపెనీ ట్యాగు లేని ఇంజనీర్లూ కనిపిస్తారు. 2017లో అమీర్‌పేటకి మెట్రో వచ్చింది. స్టేషన్ కింద కరపత్రాలు పంచుతూనే ఉన్నారు. వాటి మీద జావా స్థానంలో ఏఐ చేరింది. అద్దెలు మాత్రం మెట్రో కంటే ఎత్తులో నడుస్తున్నాయి.

నేనిప్పుడు నిజాంపేటలో, బ్యాంకువాళ్లు నాది అని ఒప్పుకున్న ఫ్లాట్లో ఉంటున్నాను. అంటే ఊళ్లో కొన్ని ఇళ్లలో నేనే ‘మనోణ్ని’. తెల్లవారుజామున ఫోన్ మోగితే మా ఆవిడ చాప వెతకడం మొదలెడుతుంది. ‘అన్నయ్యా, సికింద్రాబాద్‌లో దిగాను. నాన్న మీ నంబరిచ్చారు.’ నాన్నెవరో ఇంకా తెలియదు. తెలిసేలోపు కుర్రాడు గుమ్మంలో ఉంటాడు.

వీళ్లకి ప్లాను లేదని నేననను. వీళ్ల ప్లాను మనమే. కోచింగులు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు వీళ్ల మీదే బతుకుతున్నాయి. వీళ్లు మాత్రం ఒకరి గది మీద ఇంకొకరు బతుకుతారు. ఈ ఊళ్లో ఎంతోమంది మొదటి అడ్వాన్సు మరొకడు కట్టినదే.

అందుకే రాబోయే తమ్ముళ్లకి ఒక్క మాట. చాప ఉంది, అన్నం ఉంది, రండి. కానీ మొదటి జీతం పడిన రోజు కొత్త ఫోన్ కొనే ముందు, ఆ గదిలో మీ వాటా అద్దె ఇచ్చెయ్యండి.