చీమలు నడిచిన రేకు

నేను జింకు రేకుని. అడుగు పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు. రాగి రేకు కొనే స్తోమత లేకే, రేకుల మీద బొమ్మ చెక్కి అచ్చువేయడం నేర్చుకునే ఒక అమ్మాయి నన్ను కొన్నది. నా మీద పసుపు సిరా పూస్తే ఆకుపచ్చగా మసకబారుతుందని రాగి వాళ్లు ఎత్తిపొడుస్తుంటారు. నిజమే, కాదనను. నల్ల సిరాతో మాత్రం నాకు ఏ పేచీ లేదు.

హైదరాబాద్‌లోని ఆమె స్టూడియోకి చేరిన రోజే నా అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా అరగదీశారు. లేకపోతే ప్రెస్‌లో కాగితాన్ని కోసేస్తానట. జిడ్డు పోయేదాకా సుద్దపొడితో తోమారు. ఆమ్లం అటునుంచి తినకుండా వీపుకు వార్నిష్ పూశారు.

గీత కావాలంటే సూది చాలు. నీళ్లరంగు పరిచినట్టుండే నీడ కావాలంటే ఆక్వాటింట్ చెయ్యాలి. 1760లలో ఫ్రాన్సులో లె ప్రాన్స్ అనే చిత్రకారుడు దీన్నొక పద్ధతిలో పెట్టాడు. 1799లో గోయా తన 80 చిత్రాల ‘లాస్ కాప్రిచోస్’లో దీనితోనే చీకటిని పరిచాడు. అక్కడ పని నేర్పే సార్ ఆ బొమ్మలు చూపించి, నిజాంపూర్‌లో పుట్టిన మన లక్ష్మాగౌడ్ గీసిన మేకల్నీ పల్లె మనుషుల్నీ వాటి పక్కన పెట్టేవారు. "నలుపుల్లో ఎన్ని నలుపులున్నాయో లెక్కపెట్టమ్మా" అనేవారు.

అమ్మాయికి వేపచెట్టు వెయ్యాలని ఉంది, అదీ బ్రష్షుతో. అందుకు చక్కెర పద్ధతి ఉంది. చిక్కటి పాకంలో నల్ల ఇంకు కలిపి నా ఒంటి మీద చెట్టు వేసింది. అది ఆరాక పైన పలచగా వార్నిష్ పూసి గోరువెచ్చని నీళ్లలో ముంచితే, చక్కెర ఉబ్బి తన మీది పొరను పైకి లేపేస్తుంది. చెట్టున్న మేర లోహం బయటపడుతుంది. కానీ వార్నిష్ పని రేపు చూద్దామని నన్ను కిటికీ పక్కన వదిలేసి ఇంటికెళ్లింది. తెలుగింట్లో పుట్టిన పిల్ల, చక్కెర మూత పెట్టాలని తెలియదా!

రాత్రి చీమలు వచ్చాయి. కుడి మూల నుంచి బారుగా ఎక్కి, కొమ్మల మధ్య దారులు చేసుకుంటూ తెల్లారేదాకా తిన్నాయి.

"సార్, చెట్టంతా పోయింది" అంది పొద్దున. ఏడుపొక్కటే తక్కువ.

సార్ నన్ను వెలుతురుకి వంచి చూశారు. "పోలేదు. చీమలు తిన్నచోట చక్కెర లేదు కదా, అక్కడ వార్నిష్ గట్టిగా పట్టుకుంటుంది. తుడవకు, పూసెయ్యి." చిత్తూరు జిల్లా నుంచి పారిస్‌లోని ఆటెలియర్ 17 అనే ముద్రణశాలకి వెళ్లిన కృష్ణారెడ్డి గారి కబుర్లు మొదలుపెట్టారు. చిక్కని, పలచని సిరాల్ని ఒకే రేకు మీద ఒకదాన్నొకటి అంటకుండా నిలిపి రంగులద్దిన మనిషాయన. "ఇట్లా అనుకోకుండా వచ్చేవి ముందు రేకే చెప్తుంది, తర్వాత మనం వింటాం" అన్నారు. రేకుగా నాకా మాట నచ్చింది.

నీళ్లలో చెట్టు విడివడ్డాక అమ్మాయి ముక్కుకి మాస్కు కట్టుకుని, రోజిన్ పొడిని గుడ్డమూటలోంచి నా మీదికి రాల్చింది. కింద మంట. తెల్లటి పొడి కరిగి గాజులా కనిపించకుండా పోయిన క్షణాన మంట తీసెయ్యాలి. ఇంకాస్త ఆగితే గింజలన్నీ కలిసిపోయి ఆమ్లం దూరే సందే ఉండదు. ఒక్కో గింజ తన కింది లోహాన్ని కాపాడుతుంది, ఆమ్లం గింజల మధ్య తింటుంది. ఆ గుంటల్లో నిలిచే సిరానే నీడ.

ఆమ్లంలో మొదట ఇరవై సెకన్లు. పైకి తీసి కడిగి, లేతగా ఉండాల్సిన ఆకుల్ని వార్నిష్‌తో మూసింది. మళ్లీ ఒక నిమిషం. కాండానికి నాలుగు. పైకొచ్చే బుడగల్ని కోడి ఈకతో నిమిరి తోసింది. నా బతుకులో నన్ను అంత నెమ్మదిగా తాకింది ఆ ఈకే.

సిరా పూసి, తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్ తిప్పారు. కాగితం ఎత్తితే చీకటి చెట్టు నిండా సన్నటి తెల్ల దారులు. నా కుడినుంచి ఎక్కిన చీమలు కాగితం మీద ఎడమనుంచి ఎక్కుతున్నాయి.

పదిహేనో ప్రతికి లేత ఆకులు మాయమయ్యాయి. జింకు మెత్తన, నీడ త్వరగా అరుగుతుంది. కొత్త రేకుకి డబ్బుల్లేవు. నన్ను తిప్పి వీపు గీకింది. ఈసారి వార్నిష్ పూత వేపచెట్టుకి. ఇటువైపు మళ్లీ పాకంతో చెట్టేసి, నన్ను కావాలనే కిటికీ పక్కన పెట్టి వెళ్లింది.

తెల్లారేదాకా ఒక్క చీమా రాలేదు. మర్నాడు పాకంలో ఇంకో చెంచా చక్కెర కలిపింది.