సెల్లార్ ఇంజనీరు

మీ కారు డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ వెలిగిందంటే, ఆ కబురు మీ ఇంట్లోవాళ్ళకన్నా ముందు ఆయనకి చేరుతుంది. లుంగీ మీదే, చేతిలో పాల ప్యాకెట్టుతో లిఫ్టు దిగి వస్తారు. పిల్లాడికి జ్వరం చూసే నాయనమ్మలా బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటారు. "సెన్సార్ పోయింది బాబూ!" ఏ సెన్సారో చెప్పరు. అడగడం మర్యాద కాదు.

ఆయన రిటైరైంది రెవెన్యూలో. బండ్ల చదువంతా ఒకప్పటి ఆఫీసు అంబాసిడర్ దగ్గర, అదీ వెనక సీట్లో కూర్చుని. అయినా జబ్బేమిటో చెప్పడంలో తడబాటు ఉండదు. కల్తీ పెట్రోలు, సెన్సారు, ఎలకలు కొరికిన వైర్లు... ఈ మూడింటినీ వంతులవారీగా వాడతారు. (ఎలకల మాట మాత్రం కొట్టిపారేయకండి. మా సెల్లార్లో నిజంగానే కొరుకుతాయి.) బ్యాటరీ ఊసు మాత్రం ఎత్తరు. "బండి స్టార్టయిందా? అయితే బ్యాటరీ బంగారం!"

అంబాసిడర్ కాలంలో ఆ మాట చెల్లింది. బ్యాటరీ నీరసిస్తే బండి మూలిగేది, నలుగురూ తోస్తే కదిలేది, కథ అక్కడితో సరి. ఇప్పటి కార్ల నిండా చిన్న చిన్న కంప్యూటర్లు. తాళం తిప్పిన క్షణంలో స్టార్టర్ వందల ఆంపియర్లు గుంజుకుంటుంది. ముసలి బ్యాటరీ తొమ్మిది ఓల్టులకో, ఇంకా కిందికో జారిపోతుంది. ఇంజన్ ఎలాగో అందుకుంటుంది గానీ, ఈలోగా ఒక కంప్యూటరు సొమ్మసిల్లుతుంది. పక్కది "పిలిస్తే పలకడం లేదు" అని ఫిర్యాదు రాసి పెట్టేస్తుంది. ఇంజన్ లైటు, ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు ఒకదాని వెంట ఒకటి వెలుగుతాయి. పాపం, వాటిలో దేనికీ జబ్బు లేకపోవచ్చు.

మూడో అంతస్తు కుర్రాడి కారుకి మొన్న మే నెలలో జరిగింది ఇదే. ఆదివారం రైతుబజారుకి తప్ప ఆ కారు బయటికి రాదు. ఆ కాస్త దూరానికి బ్యాటరీ నిండదు. పైగా నాలుగేళ్ళది. పైన హైదరాబాదు ఎండ. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని కంటికి కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన మాట మీద ఆక్సిజన్ సెన్సార్ మార్పించాడు. రెండ్రోజులకే లైటు మళ్ళీ హాజరు. "డూప్లికేట్ సెన్సార్ అంటగట్టారయ్యా" అన్నారు ఆయన, జాలిగా.

ఆఖరికి మెకానిక్ కుర్రాడొకడు వచ్చి స్కానర్ తగిలించాడు. పీ0562 అని కోడ్ వచ్చింది, అంటే ఓల్టేజి తక్కువ. కారే నోరు విప్పి చెప్పింది. "అది అలాగే అంటుందిలే" అన్నారు ఈయన. మెకానిక్ మల్టీమీటర్ పెట్టాడు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 ఓల్టులు ఉండాల్సింది, 11.8 చూపించింది. "ఆ మీటరు చైనాది." కొత్త బ్యాటరీ వేసి, కోడ్లు చెరిపేస్తే లైట్లన్నీ ఆరిపోయాయి. "కొత్త సెన్సార్ ఇప్పటికి సెట్టయింది" అంటూ పైకి వెళ్ళిపోయారు.

ఊరుకున్నారనుకున్నాం. వారం తిరక్కుండా ఆయనే ఓ మల్టీమీటర్ కొన్నారు. ఆఫీసులకి బయల్దేరేవాళ్ళని గేటు దగ్గర ఆపి, ఇంజన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తించి చూస్తున్నారు. నిన్న మా వంతు.

"14.2! పన్నెండు ఓల్టుల బ్యాటరీ బాబూ ఇది, పొంగిపోతోంది. వెంటనే మార్పించెయ్!"

"ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుందండీ, అంత ఉండాల్సిందే. బ్యాటరీ సంగతి బండి ఆపి చూడాలి."

"బండి ఆపేశాక చూడ్డానికి ఇంకేముంటుందయ్యా?" అని, వెనకొచ్చే కారుకి చెయ్యి అడ్డం పెట్టారు.