ముక్కు తుడవాలా, రికార్డులు రాసుకోవాలా?

ఇంగ్లండ్‌లో ఇంట్లోనే ఇతరుల పిల్లల్ని నలుగుర్ని పెట్టుకుని చూసుకునే ఆవిడకు ‘ఆఫ్‌స్టెడ్’ అనే ప్రభుత్వ సంస్థ తనిఖీ అంటే పెళ్ళిచూపులే. కొద్దిరోజుల ముందు ఫోనొస్తుంది. ఇక మెట్ల దగ్గర గేటు, మందుల అరకు తాళం, పొగ అలారం, ప్రథమ చికిత్స సర్టిఫికెట్... అన్నీ సర్దేస్తుంది. సర్దినా కుదురుగా ఉండనిది పిల్లలే. నిన్నటిదాకా ఏబీసీడీలు గడగడా అప్పజెప్పిన పిల్ల, ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మం తొక్కగానే సోఫా వెనక్కి దూరుతుంది. రెండేళ్ళ బుడ్డోడు సరిగ్గా అప్పుడే ప్లాస్టిక్ పాటీని కిరీటంలా నెత్తిన బోర్లించుకుంటాడు.

“ఈ ఆటతో బాబు ఏం నేర్చుకుంటున్నాడు?” అని ప్రశ్న.

వాడు ప్లేడో ముద్ద నములుతున్నాడు. ఆ మాట అనకూడదు. ‘ఇంద్రియాల ద్వారా ప్రపంచాన్ని అన్వేషిస్తున్నాడు’ అనాలి!

లెక్కలూ ఉన్నాయండోయ్. మామూలుగా ఒక్కరికి ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఆరుగురే. అందులో ఐదేళ్ళలోపు ముగ్గురు, ఏడాదిలోపు ఒక్కరు. పసివాళ్ళ క్షేమం కదా, ఇది న్యాయమే. ఇక తనిఖీ తీర్పు సంగతి. 2025 నవంబరు నుంచి ‘బాగుంది’, ‘బాగాలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం మానేసి, అంశాలవారీగా మార్కులిచ్చే రిపోర్ట్ కార్డు తెచ్చారు. ఒక్క మొట్టికాయ పోయి, అంశానికో మొట్టికాయకు వీలు చిక్కింది.

రాబడి బెత్తెడు, రాతకోతలు బారెడు. 2012తో పోలిస్తే ఈ పని చేసేవారి సంఖ్య సగానికి పడిపోయింది. ఇదే వరసైతే ఇన్‌స్పెక్టరమ్మ తన బిడ్డను ఎవరింట్లో దింపి తనిఖీకి బయల్దేరుతుందో!